పిండి పురుగుల్ని లెక్కపెట్టిన పంతులమ్మ

వానలు మొదలైతే మా వంటింట్లో పిండి డబ్బాలతో నాకు పెద్ద తంటా. ఎంత మూత బిగించినా, నాలుగు ఎండుమిరపకాయలు వేసినా, గోధుమపిండిలో ఎర్రగా నువ్వుగింజంత పురుగులు పుట్టుకొస్తాయి. జల్లించకుండా ఒక్క చపాతీ కూడా చెయ్యలేను. మొన్న అలాగే పేపరు పరిచి జల్లెడ పడుతుంటే మా చిన్న తోడికోడలు వచ్చి గడప పక్కన కూలబడింది. దానికిప్పుడు రెండో నెల. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడో కడుపు. కొంగు ముడి విప్పి ఓ పొట్లం తీసి చూపించింది. మా అత్తమ్మ ఎవరినో పంపి, ఏదో పల్లెలో మందిచ్చే ఆయన దగ్గర తెప్పించారట. పొద్దు పొడవక ముందే, కోడెదూడ ఉన్న ఆవు పాలతో మింగాలట. మింగితే కడుపులో ఉన్నది మగపిల్లాడవుతాడట. మింగనా వద్దా చెప్పక్కా అని నా మొహం వంక చూస్తూ కూర్చుంది.

వద్దే వద్దన్నాను. కానీ ఎందుకు వద్దో అది మళ్లీ వెళ్లి అత్తమ్మకి చెప్పుకోగలిగేలా చెప్పలేకపోయాను. నేను బి.జడ్.సి. చదివినదాన్నే. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై అని పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. నాకు రెండోసారీ అమ్మాయే పుట్టినప్పుడు, చూడ్డానికి వచ్చిన బంధువొకావిడ మంచం పక్కన నిలబడి, నీ కడుపున ఆడపిల్లల రాత రాసి ఉందమ్మా అనే అర్థం వచ్చేలా మాట్లాడితే నోరు మూసుకుని ఊరుకున్నదాన్నీ నేనే. ఆ బొమ్మ అప్పుడు గుర్తు రాలేదు. ఒళ్లు పచ్చిగా ఉన్నప్పుడు చదువు గుర్తు రాదు కాబోలు.

జల్లెడలో పురుగుల్ని దులుపుతుంటే ఇప్పుడు ఒక మనిషి గుర్తొచ్చింది. సరిగ్గా ఈ జాతి పురుగునే ముందు పెట్టుకుని, ఆడా మగా తేడా ఎక్కడుందో లోకంలో అందరికంటే స్పష్టంగా చూపించిన ఆవిడ. పేరు నెట్టీ మరియా స్టీవెన్స్. అమెరికా దేశస్థురాలు. జీవశాస్త్రం చదివినవాళ్లకి బాగా తెలిసిన పేరే, కానీ మన వంటిళ్ల దాకా రాలేదు. నేను చదివిన పుస్తకాల్లో ఆవిడ పేరు చూసిన గుర్తు లేదు. తర్వాత ఎప్పుడో, పిల్లల సైన్సు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే తగిలింది. అప్పట్నుంచీ ఆవిడ గురించి ఏది దొరికినా చదువుతున్నాను.

నెట్టీ 1861 జూలై 7న వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి ఎఫ్రాయిమ్ స్టీవెన్స్ వడ్రంగి. నెట్టీ పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని కుటుంబాన్ని మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫోర్డ్‌కి మార్చాడు. నెట్టీకి తోడు చెల్లెలు ఎమ్మా. ఆ రోజుల్లో అక్కడ కూడా ఆడపిల్ల చదువుకుందంటే బడిపంతులమ్మ కావడానికే. వడ్రంగి పనిచేసే తండ్రి కూతుళ్లిద్దర్నీ బడి పూర్తయ్యేదాకా చదివించాడు. ఆ మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఆడపిల్లల చదువు మధ్యలో ఆపని తండ్రుల్ని మనం లెక్కలోకి తీసుకోం.

1880లో వెస్ట్‌ఫోర్డ్ అకాడెమీలో చదువు ముగించి, న్యూ హాంప్‌షైర్‌లోని లెబనాన్ అనే ఊళ్లో పంతులమ్మగా చేరింది. కొంత డబ్బు కూడబెట్టుకుని ఉపాధ్యాయ శిక్షణకి వెస్ట్‌ఫీల్డ్ వెళ్లింది. నాలుగేళ్ల కోర్సుని రెండేళ్లలో పూర్తి చేసి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. మళ్లీ ఉద్యోగం. పాఠాలు చెప్పడం, కొన్నాళ్లు గ్రంథాలయంలో పని, జీతంలో మిగిలింది దాచుకోవడం. ఇలా ఒకటి కాదు రెండు కాదు, పదిహేనేళ్లు గడిచిపోయాయి. ఈ పదిహేనేళ్ల గురించి పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలే ఉంటాయి. నాకేమో అవే ముఖ్యమనిపిస్తాయి. పెద్ద చదువు చదవాలన్న కోరిక మనసులో పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, డబ్బులు లెక్కపెట్టుకుంటూ గడిపిన ఏళ్లు అవి.

1896లో, 35 ఏళ్ల వయసులో, దేశానికి ఆ చివర్నుంచి ఈ చివరకి ప్రయాణం చేసి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బి.ఎ. విద్యార్థినిగా చేరింది. పక్క బెంచీల్లో కూర్చున్న పిల్లలు ఆవిడ దగ్గర చదువుకోదగ్గ వయసువాళ్లు. 1899లో బి.ఎ., 1900లో ఎం.ఎ. వేసవి సెలవుల్లో కూడా ఖాళీగా లేదు, సముద్రపు ఒడ్డునున్న ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందే. నేను పెళ్లయ్యాక ఎం.ఎస్సీ. వదిలేసినప్పుడు నాకు 23. ఇప్పుడు 38. ఇంక నాకెక్కడి చదువు అనుకున్నప్పుడల్లా ఈ 35 అన్న అంకె నన్ను గిచ్చుతూ ఉంటుంది.

అక్కడ్నుంచి ఫిలడెల్ఫియా దగ్గర బ్రిన్ మార్ అనే ఆడవాళ్ల కళాశాలకి వెళ్లింది. అది పేరున్న చోటు. ఎడ్మండ్ విల్సన్ అనే గొప్ప శాస్త్రవేత్త అక్కడ పనిచేసి కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినవాడు థామస్ హంట్ మోర్గాన్, తర్వాత రోజుల్లో ఈగల మీద పరిశోధన చేసి 1933లో నోబెల్ బహుమతి అందుకున్నాయన. నెట్టీ చురుకుదనం చూసి కళాశాలవాళ్లు ఉపకారవేతనమిచ్చి యూరప్ పంపించారు. ఇటలీలో నేపుల్స్ సముద్రజీవుల కేంద్రంలోనూ, జర్మనీలో వుర్జ్‌బర్గ్‌లో థియోడోర్ బొవెరి దగ్గరా పనిచేసింది. కణంలో ఉండే క్రోమోజోములకీ వంశపారంపర్యానికీ సంబంధం ఉందని ఆ బొవెరి అప్పుడే గట్టిగా చెబుతున్నాడు. 1903లో పిహెచ్‌.డి. వచ్చింది. అప్పటికి ఆవిడకి 42 నిండబోతున్నాయి.

పట్టా చేతికొచ్చాక పొట్ట గడవాలి కదా. కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్‌కి సాయం కోరుతూ రాసిన ఉత్తరంలో, నేను నా కష్టం మీదే బతికే మనిషిని, పాఠాలు చెప్పడంలోనే కాలమంతా పోతే పరిశోధన సాగదు అని దాచుకోకుండా చెప్పుకుంది. ఆవిడ తరఫున మోర్గాన్ కూడా సిఫారసు రాశాడు. పన్నెండేళ్లలో తన దగ్గరకొచ్చిన పరిశోధక విద్యార్థుల్లో ఇంత సమర్థంగా, ఇంత సొంతంగా పనిచేసినవాళ్లు లేరని దాని సారాంశం. 1904లో డబ్బు మంజూరైంది.

ఇంతకీ ఆవిడ వెతికిందేమిటి? ఆ రోజుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తల్లి తిండిని బట్టి, వేడిని బట్టి, ఒంట్లో సత్తువని బట్టి తేలుతుందని పెద్దపెద్ద శాస్త్రవేత్తలే అనుకునేవారు. తల్లికి తిండి బాగా అందితే ఆడపిల్ల పుడుతుందని ఒక వాదం. వియన్నాలో షెంక్ అనే ప్రొఫెసరైతే, తల్లి తినే తిండి మార్చి మగపిల్లవాణ్ణి పుట్టించొచ్చని 1898లో పుస్తకమే వేశాడు. చూశారా, మా అత్తమ్మ తెప్పించిన పొట్లానికి వియన్నాలో కూడా చుట్టాలున్నారు.

అంతకు ముందే కొందరు కీటకాల కణాల్లో జత లేని క్రోమోజోము ఒకటి గమనించారు. దానికీ ఆడా మగా తేడాకీ సంబంధం ఉండొచ్చని మెక్‌క్లంగ్ అనే ఆయన ఊహించాడు కూడా, కానీ అది మగతనాన్ని ఇచ్చేది అనుకుని పొరబడ్డాడు. నెట్టీ ఎంచుకున్న జీవుల్లో పిండి పురుగు ఒకటి. మన డబ్బాల్లో కనిపించేదానికి పెద్దక్కలాంటిది, అదే కుటుంబం, ఒళ్లు మాత్రం బాగా పెద్దది. మగ పురుగుల్ని కోసి వాటి వృషణాలు తీసేది. బీజకణాలు తయారయ్యే చోటు అదే కాబట్టి, కణం ఎలా చీలుతోందో అక్కడ దశలవారీగా కనిపిస్తుంది. వాటిని మైనంలో పోసి, కాగితం కన్నా పలచటి పొరలుగా తరిగి, గాజుపలక మీద అంటించి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడటం. చూసి లెక్కపెట్టడం. ఒక్క కణంలో కాదు, వందల కణాల్లో. ఆడ పురుగుల కణాల్లో కూడా. బియ్యంలో రాళ్లు ఏరిన చెయ్యికే తెలుస్తుంది ఇందులోని ఓపిక.

లెక్క ఇలా తేలింది. ఆడ పురుగు కణంలో 20 పెద్ద క్రోమోజోములు. మగ పురుగు కణంలో 19 పెద్దవి, ఒక్కటి మాత్రం బుల్లిది. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఈ సంఖ్య సగానికి సగం అవుతుంది. అండాలన్నిటిలోనూ 10 పెద్దవే. శుక్రకణాల్లో మాత్రం రెండు రకాలు. సగం వాటిలో 10 పెద్దవి, మిగతా సగంలో 9 పెద్దవి, ఒక బుల్లిది. పెద్దవి పదీ ఉన్న శుక్రకణం అండంతో కలిస్తే ఆడ పురుగు, బుల్లిది ఉన్నది కలిస్తే మగ పురుగు. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఒకే రకం. తేడా వచ్చేది తండ్రి వైపు నుంచి. ఆ బుల్లిదాన్నే ఇప్పుడు మనం వై అంటున్నాం. ఇదంతా 1905లో కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్ అచ్చువేసిన నివేదికలో ఉంది. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఒక్క పురుగుని చూసి అన్నిటికీ ఇదే సూత్రమనడం తగదని తర్వాతి ఏళ్లలో యాభై దాకా కీటక జాతుల్ని ఇలాగే కోసి చూసింది.

అదే ఏడాది కొలంబియాలో ఎడ్మండ్ విల్సన్ కూడా వేరే కీటకాల మీద సొంతంగా పనిచేసి దాదాపు ఇదే మాట చెప్పాడు. మంచివాడు, పెద్దమనిషి, ఆయన్ని తప్పుపట్టడానికి నాకేమీ కారణం లేదు. కానీ క్రోమోజోములే లింగాన్ని నిర్ణయిస్తాయని అప్పుడు ఆయన నెట్టీ అంత తెగేసి చెప్పలేదు, వాతావరణానికీ కొంత చోటు ఉంచాడు. మోర్గాన్ అయితే మరికొన్నేళ్ల దాకా నమ్మనే లేదు. 1910లో తన ఈగల్లో తెల్లకళ్ల మగ ఈగ కనిపించాకే ఆయన దారికొచ్చాడు. చివరికి పాఠ్యపుస్తకాల్లో పెద్ద పేర్లు నిలబడ్డాయి. ఆవిడ పేరు చిన్న అక్షరాల్లోకి జారిపోయింది. ఇందులో కుట్ర ఉందని నేననను. పెద్ద పీట మీద కూర్చున్నవాళ్ల మాట గట్టిగా వినబడటం ఇళ్లల్లో ఉన్నట్టే ప్రయోగశాలల్లోనూ ఉంటుంది.

నెట్టీ చెప్పింది మొదటి సగమే. తండ్రి నుంచి వచ్చిన ఆ బుల్లి క్రోమోజోము కడుపులో బిడ్డకి ఏం చేస్తుంది? ఇది తేలడానికి ఇంకో 85 ఏళ్లు పట్టింది. మా తోడికోడలికి నేను విడమర్చి చెప్పాల్సింది ఈ రెండో సగమేనని ఆ రోజు జల్లెడ పక్కన పెట్టాక అర్థమైంది.

బిడ్డ కడుపులో పడ్డ తొలి వారాల్లో ఆడా మగా అని చూసి చెప్పడానికి ఏమీ ఉండదు. క్రోమోజోముల్లో రాసి ఉంటుంది గానీ ఒంట్లో ఇంకా కనిపించదు. అయిదో వారంలో వెన్ను లోపలి వైపున, మూత్రపిండాల తొలిరూపం పక్కనే, రెండు చిన్న గట్లలాంటివి లేస్తాయి. (ఈ వారాలు గర్భం నిలిచిన రోజు నుంచి లెక్క. డాక్టరమ్మ నెలసరి నుంచి లెక్కేస్తుంది కాబట్టి రెండు వారాలు కలుపుకోండి.) ఆ గట్లు వృషణాలూ కావొచ్చు, అండాశయాలూ కావొచ్చు. రెండింటికీ మొదలు ఒకటే. ముందు ముందు అండాలో శుక్రకణాలో కావాల్సిన మూల కణాలేమో అక్కడ పుట్టవు. అవి బొడ్డు దగ్గరి సొనసంచి గోడలో ఉండి, పేగు వెంబడి మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఈ గట్టు ఎక్కుతాయి. అంతే కాదు, ఆరో వారంలో ప్రతి పిండంలోనూ రెండు జతల గొట్టాలుంటాయి. ఒక జత గర్భసంచి, అండవాహికలు కాగలిగినవి. ఇంకో జత శుక్రవాహికలు కాగలిగినవి. మగపిల్లాడైనా ఆడపిల్లయినా సరే, ఆ వారంలో రెండూ ఉంటాయి. మా అత్తమ్మ ప్రాణంగా చూసుకునే మా మరిదికి కూడా ఉండేవి!

అప్పుడు ఆ వై మీద ఉన్న ఒక చిన్న జన్యువు మేల్కొంటుంది. దాని పేరు ఎస్.ఆర్.వై. అది తయారుచేసే ప్రోటీను 204 అమైనో ఆమ్లాల ముక్క, అంతే. పనిచేసే కాలం కూడా కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే గట్టులోని కొన్ని కణాలకి సంజ్ఞ ఇస్తుంది, అవి మరో జన్యువుని నిద్రలేపుతాయి, అక్కడ్నుంచి గొలుసు కదిలిపోతుంది. సంజ్ఞ అందుకున్న కణాలు సెర్టోలి కణాలవుతాయి. 1865లో వాటిని గుర్తించిన ఇటలీ దేశపు కుర్ర డాక్టరు పేరది. ఇవి నడిచొచ్చిన మూల కణాల్ని తల్లికోడి పిల్లల్ని రెక్కల కింద దాచుకున్నట్టు చుట్టుముట్టి, ఏడో వారానికల్లా తాళ్లలా బారులు కడతాయి. వృషణం అంటూ ఏర్పడటమంటే అదే. తర్వాత సెర్టోలి కణాలు ఒక హార్మోను వదిలి గర్భసంచి కావాల్సిన గొట్టాల్ని కరిగించేస్తాయి. ఎనిమిదో వారంలో తాళ్ల మధ్య లేడిగ్ కణాలు పుట్టి టెస్టోస్టిరోన్ తయారుచేస్తాయి. దాంతో రెండో జత గొట్టాలు నిలబడతాయి, బయటి అవయవాలు మగపిల్లాడి తీరుకి మారతాయి. మూత్రపిండాల పక్కన పుట్టిన వృషణాలు మెల్లగా కిందికి జారి ఏడో నెల తర్వాత సంచిలోకి దిగుతాయి. (మగపిల్లలున్న అమ్మలు ఇది గుర్తుపెట్టుకోండి. బిడ్డకి ఆరు నెలలు నిండినా ఒకటి కిందికి దిగినట్టు చేతికి తగలకపోతే డాక్టరుకి చూపించాలి. పెద్దయ్యాక అదే దిగుతుందిలే అని ఊరుకోకూడదు.)

ఇదంతా ఒక్కరు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే ఆయన తల్లి కడుపులో ఉన్న కుందేలు పిల్లల వృషణాల్ని మొదట్లోనే తీసేసి చూశాడు. క్రోమోజోములు మగవే అయినా అవన్నీ ఆడపిల్లల రూపుతోనే ఎదిగాయని 1947లో ప్రకటించాడు. అంటే వృషణం ఏర్పడటమే మలుపు, మిగతాదంతా దాని వెనకాల నడుస్తుంది. మనుషుల్లోనూ ఎలుకల్లోనూ ఆ వృషణాన్ని మొదలుపెట్టేది వై అని 1959లో తేలింది. అందులోనూ ఎస్.ఆర్.వై. అనే జన్యువేనని 1990లో లండన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. మరుసటి ఏడాది దాన్ని ఆడ చిట్టెలుక పిండంలో పెట్టి చూస్తే అది వృషణాలతో మగదిగా పుట్టింది.

జోస్ట్ ప్రయోగం తర్వాత చాలాకాలం, మగతనం కట్టితే వచ్చేదీ, ఆడతనం ఏమీ చెయ్యకపోతే మిగిలేదీ అన్నట్టు రాసేవారు. నాకు ఆ మాట మొదట్నుంచీ నచ్చలేదు. అదీ పూర్తి నిజం కాదని తర్వాత బయటపడింది. అండాశయం తయారవడానికీ, అండాశయంగా నిలబడటానికీ వేరే జన్యువులు పనిచేస్తూనే ఉండాలి. 2009లో పెద్ద వయసు ఆడ చిట్టెలుకల్లో అలాంటి ఒక జన్యువుని ఆపేస్తే వాటి అండాశయ కణాలు సెర్టోలి కణాల్లా మారిపోయాయి. ఆడపిల్ల ఊరికే మిగిలిపోయింది కాదన్నమాట.

మన హైదరాబాదుకీ ఈ కథలో కాస్త చోటుంది. సి.సి.ఎం.బి.కి డైరెక్టరుగా పనిచేసిన లాల్జీ సింగ్ గారు 1970ల్లో ఎడిన్‌బరోలో ఉండగా పసుపూ నలుపూ పట్టీలుండే కట్లపాము మీద పనిచేసి, ఆడ పాముల లింగ క్రోమోజోములో ఎక్కువగా ఉండే డి.ఎన్.ఎ. వరసల్ని గుర్తించారు. పాముల్లో, కోళ్లలో లెక్క తిరగబడి ఉంటుంది, అక్కడ రెండు రకాలూ ఇచ్చేది తల్లి. పుంజు పిల్లలు పుట్టలేదని కోడిపెట్టని తిడితే దానికైనా అర్థముంది గానీ, మనుషుల్లో తల్లిని అనడానికి అసలు ఆధారమే లేదు.

తండ్రిని అనడానికి మాత్రం ఉందా? లేదు. శుక్రకణాలు సగం అటూ సగం ఇటూ, కోట్లలో ఏది ముందు చేరుతుందో ఆయన చేతిలో లేదు. వేలు ఇటు నుంచి తీసి అటు చూపించడానికి నేనిదంతా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. పిండి పురుగుల లెక్క చెబితే నవ్వారు. గట్ల సంగతి మాత్రం శ్రద్ధగా విన్నారు. పొట్లం ఇచ్చే రెండో నెలకి ఎప్పుడో అంతా రాసిపెట్టి ఉంటుందనీ, ఏ మందూ లేని వైని తెచ్చి పెట్టలేదనీ, మింగేదానిలో ఏముందో తెలియకపోవడమే భయమనీ చెప్పాను. హర్యానా వైపు ఇలాంటి మందులు మింగిన తల్లుల బిడ్డల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువ కనిపించాయని డాక్టర్లు అధ్యయనాలు చేసి చెప్పారని కూడా చెప్పాను. అవయవాలన్నీ అమరే వారాలు అవే కదా. స్కానింగ్‌లో చెప్పించుకోవడం ఎలాగూ 1994 చట్టం కింద నేరం, ఆ ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడకి మొదట ఇద్దరూ ఆడపిల్లలే పుట్టినప్పుడు మా మామయ్య తల్లి ఎనిమిది నెలలు పుట్టింటి నుంచి తీసుకురాకుండా ఉంచిన సంగతి చెప్పారు. పదహారేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఆ మాట ఇదే వినడం. వరంగల్లు కోటకి ఎన్నిసార్లు వెళ్లామో ఆవిడతో. గణపతిదేవుడికి కొడుకుల్లేకపోతే కూతురు రుద్రమ రాజ్యమేలింది, ఆమెకీ కొడుకుల్లేకపోతే కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు ఏలాడు. ఆ కోటగోడల నీడలో కూర్చుని పులిహోర తింటూ, ఇంటికొచ్చి మనం ఇలా మాట్లాడుకుంటున్నామేమిటి అత్తమ్మా అన్నాను. పెద్దవాళ్ల సంగతి వేరు బిడ్డా అనేసి లేచి వెళ్లిపోయారు. పొట్లం దేవుడి గూట్లోకి వెళ్లింది. మింగిందా లేదా అని తోడికోడల్ని మళ్లీ అడగలేదు. కానీ దానికి కాన్పు దాకా ఇంకా చాలా నెలలున్నాయి, ఏ రోజుకారోజు చూడాల్సిందే.

నెట్టీ సంగతి ముగించాలి. 1905లోనే, ఆడవాళ్లు రాసిన శాస్త్ర పరిశోధనా వ్యాసాలకి ఇచ్చే ఎల్లెన్ రిచర్డ్స్ బహుమతి, వెయ్యి డాలర్లు, ఆవిడకొచ్చింది. అది మొక్కలకి పట్టే పేనుబంక పురుగుల మీద చేసిన పనికి. బ్రిన్ మార్‌లో చిన్న హోదాలోనే ఉంటూ పాఠాలు చెప్పింది, పరిశోధన చేసింది. మొదటి నుంచి చివరి దాకా నలభైకి దగ్గరగా పరిశోధనా వ్యాసాలు. పరిశోధన మొదలుపెట్టింది నలభయ్యో పడి దగ్గర్లో కాబట్టి ఇదంతా పన్నెండేళ్ల లోపు పనే. పెళ్లి చేసుకోలేదు. చివరికి కళాశాలవాళ్లు ఆవిడ కోసమే ఒక పరిశోధక ప్రొఫెసరు పదవిని ఏర్పాటు చేశారు. ఈలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ కుర్చీలో కూర్చోకుండానే 1912 మే 4న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కన్నుమూసింది. 50 ఏళ్లు.

మోర్గాన్ ఒక శాస్త్ర పత్రికలో నివాళి వ్యాసం రాశాడు. 1994లో అమెరికా మహిళా ప్రముఖుల జాబితాలో ఆవిడ పేరు చేర్చారు. ఒకప్పుడు నాలుగేళ్ల చదువుని రెండేళ్లలో ముగించిన వెస్ట్‌ఫీల్డ్‌లో 2017లో సైన్సు భవనానికి ఆవిడ పేరు పెట్టారు. సమాధి వెస్ట్‌ఫోర్డ్‌లో ఉంది, చదివించిన వడ్రంగి తండ్రి పక్కన, చెల్లెలు ఎమ్మా పక్కన.